మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టాక రెప్పలు కొట్టుకోవడం, మెడ విదిలించడం ఎక్కువయ్యాయి: మాత్ర ఆపాలా?

ప్రశ్న: దేవరకొండ అమ్మ

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ మండలంలోని ఒక ఊరు. మా బాబుకు తొమ్మిదేళ్లు నిండాయి, నాలుగో తరగతి చదువుతున్నాడు. ఒక్కచోట కూర్చోడనీ, రాస్తున్న లెక్కను సగంలో వదిలేసి లేచిపోతాడనీ రెండేళ్లుగా బడి నుంచి ఫిర్యాదులు వస్తుండడంతో, ఆగస్టులో హైదరాబాదుకు తీసుకువెళ్లి పిల్లల మానసిక వైద్యులకు చూపించాము. వారు రెండుసార్లు పిలిపించి, టీచర్ల చేత కూడా ఫారాలు నింపించుకుని, ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేని, దృష్టి నిలవని సమస్య) అని నిర్ధారించి, 10 మిల్లీగ్రాముల మిథైల్‌ఫెనిడేట్ మాత్రను ఉదయం టిఫిన్ తర్వాత వేయమన్నారు. మొదటి వారంలోనే మార్పు కనిపించింది. హోంవర్కు మొత్తం పూర్తి చేసి తానే సంచి సర్దుకున్న రోజున, నమ్మకం కుదరక ఆ నోటుబుక్కును నేను రెండుసార్లు తిరగేశాను.

మూడో వారం నుంచి కొత్త బాధ మొదలైంది. మొదట కళ్లు గట్టిగా మూసి తెరవడం, తర్వాత మెడను కుడివైపుకు ఒక్కసారిగా విదిలించడం, ఇప్పుడు పది రోజులుగా గొంతులో "హుక్" అనే శబ్దం. టీవీ చూసేటప్పుడు మరీ ఎక్కువగా ఉంటుంది, నిద్రపోతే కనిపించదు. ఎందుకలా చేస్తున్నావని అడిగితే "నేను చేస్తలేనమ్మా, అదే వస్తున్నది" అంటాడు. మాత్రల పెట్టెలోని కాగితాన్ని మా తమ్ముడు చదివి, అందులో టిక్స్ (ఇలా ఉన్నట్టుండి పదేపదే వచ్చే కదలికలు, శబ్దాలు) గురించి హెచ్చరిక ఉందని చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. మా అత్తమ్మ "మంచిగున్న పిలగానికి ఏం మాత్రలేస్తున్రో ఏమో, నరాలు గుంజుతున్నయి" అని వచ్చినవారందరికీ చెబుతున్నారు. మా ఆయన రేపటి నుంచే ఆపేద్దామంటున్నారు. మళ్లీ డాక్టరు గారిని కలవడానికి ఇంకా మూడు వారాల గడువు ఉంది.

పనికివచ్చే సంగతో కాదో తెలియదు గానీ, వాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు కూడా ఒక రెండు నెలలు రెప్పలు తెగ కొట్టుకునేవాడు. కంటి డాక్టరు చుక్కల మందు ఇచ్చారు, తగ్గిపోయింది. పోయిన చలికాలంలో ఎడతెరిపి లేకుండా ముక్కు ఎగబీల్చుతుంటే ఎలర్జీ అన్నారు, మోంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిసిన మాత్రలు రెండు నెలలు వాడాము. ఈ వారం జలుబు చేస్తే ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్ పోస్తున్నాను.

ఇదంతా ఆ మాత్ర వల్లనే వచ్చిందా? డాక్టరు గారిని అడగకుండా ఆపితే ఏమైనా అవుతుందా? ఆపినా ఇవి ఇలాగే ఉండిపోతాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.


సమాధానం 1: నల్లగొండ మందుల షాపు

అమ్మా, నేను ఫార్మసిస్టును, డాక్టరును కాను. కాబట్టి మందుల సంగతి వరకే చెబుతాను.

ముందు ఆ జలుబు సిరప్ సీసాను వెలుతురులో పట్టుకుని, దాని మీది చిన్న అక్షరాలు చదవండి. ఫినైలెఫ్రిన్ గానీ సూడోఎఫిడ్రిన్ గానీ ఉంటే దాన్ని పక్కన పెట్టి, మీ డాక్టరు గారికి ఫోనులో ఆ పేరు చెప్పండి. ముక్కు దిబ్బడ తగ్గించే ఈ మందులు గుండె వేగాన్ని, బీపీని పెంచే రకానికి చెందినవి. మిథైల్‌ఫెనిడేట్ కూడా ఆ రెండింటినీ కొంత పెంచుతుంది. రెండూ కలిస్తే పిల్లవాడు మరింత చిరాకుగా, నిద్ర లేకుండా ఉండవచ్చు. నిద్ర చాలని రోజుల్లో టిక్స్ పెరగడం చాలామంది తల్లిదండ్రులు మా కౌంటరు దగ్గర చెప్పే మాటే. ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ కలిపిన సిరప్‌ను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. మీ బాబు ఆ వయసు దాటినవాడే అయినా, "జలుబు మందే కదా" అని తేలికగా తీసుకునే అలవాటు మనకు మంచిది కాదు.

రెండో మాట. మందు వల్ల వచ్చే కదలికలన్నీ టిక్స్ కావు. మా షాపుకు వచ్చే కేసుల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేవి వాంతుల మందులే. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ వంటివి పిల్లలకు ఇచ్చిన కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మెడ ఒక పక్కకు తిరిగి అలాగే బిగుసుకుపోవడం, కళ్లు పైకి వెళ్లి కిందికి రాకపోవడం, దవడ పట్టేయడం కొందరిలో జరుగుతుంది. దాన్ని డిస్టోనియా అంటారు. టిక్ అయితే విదిలించిన మరుక్షణం మెడ మామూలు స్థితికి వస్తుంది, పిల్లవాడు కాసేపు ఆపుకోగలడు కూడా. డిస్టోనియాలో ఆ బిగువు వదలదు, ఆపుకోవడం వాడి చేతిలో ఉండదు. అది కనిపిస్తే ఎవరి సలహా కోసమూ ఎదురుచూడకుండా, వాడిన మందు చీటీతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంజెక్షన్‌తో త్వరగానే తగ్గుతుంది.

మూర్ఛకు వాడే లామోట్రిజిన్, కార్బమజెపిన్ వల్ల కూడా కొందరిలో టిక్స్ వచ్చినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. మీ బాబు అవేవీ వాడడం లేదు కాబట్టి వాటి జోలికి పోను. మిథైల్‌ఫెనిడేట్ గురించి డాక్టర్లే చెప్పాలి.


సమాధానం 2: నకిరేకల్ వాడిని, ఇప్పుడు పాలమూరులో

అక్కా, నాకు ఇప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు. ఏడేళ్ల వయసు నుంచి టిక్స్ ఉన్నాయి. సహకార బ్యాంకులో పని చేస్తున్నాను. మార్చిలో లెక్కలు మూసే రోజుల్లో తప్ప, కౌంటరు అవతల నిలబడినవారు నా భుజం ఎగరడం గమనించరు.

మీ బాబు "నేను చేస్తలేను, అదే వస్తున్నది" అన్న మాట చదివి కాసేపు ఆగిపోయాను. అదే మాటను నేను మా నాయనకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. సగం నిజం మాత్రమే అది. తుమ్ము రాబోయే ముందు ముక్కులో ఒక గిలి పుడుతుంది చూడండి, అలాంటిదే మెడలోనో గొంతులోనో పుడుతుంది. ఆపుకోవచ్చు. ఆపుకున్నకొద్దీ అది పెరుగుతుంది, చివరకు ఒకసారి విదిలిస్తే గానీ నెమ్మదించదు. బడిలో రోజంతా బిగబట్టుకుని ఇంటికి వచ్చి సంచి పడేయగానే అరగంట సేపు వరసగా వచ్చేవి. "బడిలో మంచిగుంటడు, ఇంట్లనే నాటకాలు" అని మా ఇంట్లో అనేవారు. టీవీ ముందు ఎక్కువ కావడం కూడా అలాంటిదే, మనసు ఒకచోట లీనమైతే పట్టు జారిపోతుంది.

ఇక మందుల సంగతి. నాకు పదకొండేళ్లప్పుడు, అంటే తొంభయ్యో దశకం చివర్లో, ఒక డాక్టరు టిక్స్ తగ్గడానికి హాలోపెరిడాల్ రాశారు. మా నాయనమ్మకు మాత్రల మీద నమ్మకం లేదు, చెర్వుగట్టుకు మొక్కుకుంది. రెండూ కలిసి వచ్చాయి. మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజే అమావాస్య, గట్టు మీద నిద్ర చేయడానికి వెళ్లాము. రాత్రి తొమ్మిది దాటాక నా మెడ వెనక్కి తిరిగి అలాగే ఉండిపోయింది. కళ్లు పైకి పోయాయి, నాలుక మందంగా అడ్డం పడి మాట రావడం లేదు. నాకు తెలివి పూర్తిగా ఉంది, చుట్టూ చేరినవారు అన్న ప్రతి మాటా వినిపిస్తోంది. "పిలగాని మీదికి వచ్చింది, పేరు అడుగుండ్రి" అని ఒకామె నా మొహం మీద మొహం పెట్టి అడుగుతోంది. ఆసుపత్రిలో కంపౌండరుగా పనిచేసే మా మేనమామ అక్కడ ఉండబట్టి బతికిపోయాను. ఆయన నాయన జేబులో నుంచి మాత్రల పట్టీ లాగి టార్చి వెలుతురులో పేరు చూసి, నన్ను భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఆసుపత్రిలో ప్రొమెథజైన్ సూది వేశారు. అరగంటలో మెడ నిలబడింది. నాయనమ్మ మాత్రం జడల రామలింగేశ్వరుడే వదిలించాడని బతికున్నంత కాలం చెప్పుకుంది.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. మీ బాబుకు ఇస్తున్నది ఆ జాతి మందు కాదు. కానీ రేపు టిక్స్ తగ్గించడానికని ఎవరైనా హాలోపెరిడాల్ గానీ రిస్పెరిడోన్ గానీ రాస్తే, "మెడ బిగుసుకుపోతే ఏం చేయాలి" అనే ప్రశ్న ముందే అడిగి, జవాబు రాయించుకుని ఇంటికి రండి. మాకు ఆనాడు ఎవరూ చెప్పలేదు. నాకు ఆ తర్వాత మోతాదు తగ్గించి, తోడుగా వేరే మాత్ర ఇచ్చారు. టిక్స్ తగ్గిన మాట వాస్తవమే, అయితే ఆరో తరగతి మొత్తం మబ్బులో నడిచినట్టు గడిచింది, ఏ పాఠమూ గుర్తు లేదు. ఇంటర్‌కు వచ్చేసరికి వాటంతటవే సగానికి పైగా తగ్గాయి. మందులు మానేసి ఇరవై ఏళ్లు దాటింది.


సమాధానం 3: మిర్యాలగూడ తండ్రి

మాది దీనికి భిన్నమైన అనుభవం, కాబట్టి అది కూడా ఇక్కడ ఉండాలి. మా పాపకు ఎనిమిదేళ్లప్పుడు ఇదే మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చారు. మోతాదు పెంచిన ప్రతిసారీ పెదవులు కొరుక్కోవడం, భుజాలు ఎగరేయడం పెరిగాయి. డాక్టరు గారు చెప్పి ఆపించిన రెండు సార్లూ తగ్గాయి, మళ్లీ మొదలుపెడితే మళ్లీ వచ్చాయి. మూడోసారి వారే వద్దని, అటామోక్సెటిన్ అనే వేరే రకం ఏడీహెచ్‌డీ మందుకు మార్చారు. ఆ మందు పని చేయడానికి నెలకు పైగా పట్టింది, మొదట్లో కడుపు తిప్పేది, ఆకలి మందగించింది. ఇప్పుడు బాగుంది. "పరిశోధనల్లో అలా తేలలేదు" అని ఎవరైనా అంటే నేను కాదనను, కానీ మా పాప విషయంలో మా కళ్లతో చూశాము.


సమాధానం 4: మానసిక వైద్యుడు, మహబూబ్‌నగర్ జిల్లా

ఈ చర్చలో ఇప్పటికే మంచి సంగతులు వచ్చాయి. పిల్లవాడిని చూడకుండా నేను నిర్ధారణ చేయలేను, మీ వైద్యుల మాటే చివరి మాట. మీరు అడిగిన దానికి వెనుక ఉన్న విషయం మాత్రం వివరంగా చెబుతాను.

అమ్మా, మీరు "పనికివచ్చే సంగతో కాదో" అని చివర్లో రాసిన పేరానే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏడేళ్లప్పుడు రెండు నెలలు రెప్పలు కొట్టుకోవడం, పోయిన చలికాలంలో ముక్కు ఎగబీల్చడం: ఈ రెండూ టిక్స్ అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. చుక్కల మందు వేసినా వేయకపోయినా ఆ రెప్పల బాధ తగ్గి ఉండేదే. కంటి డాక్టరు దగ్గర, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర కొన్నేళ్లు తిరిగి చివరకు మా దగ్గరికి వచ్చే పిల్లలు ఎందరో. అంటే మీ బాబుకు టిక్స్ స్వభావం ఈ మాత్ర కంటే ముందే ఉంది. ఈ మాట మీ వైద్యులకు మొదటి రోజు చెప్పి ఉండకపోతే, ఇప్పుడు తప్పక చెప్పండి.

టిక్స్ సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య మొదలై, పది పన్నెండేళ్ల వయసులో ఉధృతంగా ఉండి, కౌమారం గడిచేకొద్దీ చాలామందిలో తగ్గుముఖం పడతాయి. ఏడీహెచ్‌డీకి మాత్రలు మొదలుపెట్టే వయసు కూడా సరిగ్గా ఆ మధ్యదే. పైగా టిక్స్ ఉన్న పిల్లల్లో ఏడీహెచ్‌డీ తరచుగా కలిసే ఉంటుంది, చాలామందిలో చంచలత్వం ముందు బయటపడి, టిక్స్ తర్వాత బయటపడతాయి. కాబట్టి మాత్ర వేసిన నెలలో టిక్స్ కనిపించడం కాకతాళీయం కావచ్చు. మన తాటిచెట్ల సీమలో ఈ మాటకు వేరే వివరణ అక్కర్లేదు: పండి రాలడానికి సిద్ధంగా ఉన్న తాటిపండు కాకి వాలినప్పుడు రాలింది, ఊరంతా కాకిని తిట్టింది.

అయితే కాకి మీద ఈ అనుమానం ఉత్త పుకారుతో పుట్టింది కాదు. మిథైల్‌ఫెనిడేట్ వంటి ఉత్తేజక మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతాయి. టిక్స్‌ను తగ్గించే హాలోపెరిడాల్ వంటివి అదే డోపమైన్‌ను అడ్డుకుంటాయి. 1885లో పారిస్‌లో జిల్ ద లా టూరెట్ తొమ్మిది మంది రోగుల గురించి రాసిన టిక్స్ వ్యాధిని (ఇప్పుడు దాన్ని ఆయన పేరుతోనే టూరెట్ అంటారు) చాలాకాలం మానసిక బలహీనతగానే చూశారు. 1960లలో హాలోపెరిడాల్‌తో అది తగ్గడం చూశాకే, మెదడులోని రసాయనాల కోణం బలపడింది. ఒకటి అడ్డుకుంటే తగ్గుతున్నప్పుడు, పెంచితే పెరగాలి కదా అన్నది సహజమైన తర్కం. 1970లలో, 80లలో అలా పెరిగిన పిల్లల గురించి కొన్ని నివేదికలు కూడా వచ్చాయి. మీ తమ్ముడు చదివిన కాగితంలోని హెచ్చరికకు మూలం ఇదే.

తర్వాత దాన్ని సరిగా పరీక్షించారు. టిక్స్, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్న 136 మంది పిల్లలను చిట్టీలు వేసినట్టు నాలుగు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మిథైల్‌ఫెనిడేట్, ఒకదానికి క్లోనిడిన్, ఒకదానికి రెండూ, ఒకదానికి మందు లేని ఉత్త మాత్ర 16 వారాలు ఇచ్చిన అమెరికా అధ్యయనం 2002లో వెలువడింది. టిక్స్ పెరిగాయని నమోదైనవారు మిథైల్‌ఫెనిడేట్ గుంపులో 20 శాతం, ఉత్త మాత్ర గుంపులో 22 శాతం, టిక్స్ తగ్గించడానికి వాడే క్లోనిడిన్ గుంపులో 26 శాతం. ఉత్త మాత్ర మింగిన పిల్లల్లో కూడా ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా పెరిగాయి చూడండి. ఆ గుంపు లేకుండా ఉంటే ఆ నింద కూడా మందు మీదే పడేది. 2015లో పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా ఉత్తేజక మందు తీసుకున్నవారికీ, ఉత్త మాత్ర తీసుకున్నవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇక మిర్యాలగూడ సోదరుడి మాట. ఈ లెక్కలకూ, ఆయన చూసినదానికీ వైరుధ్యం లేదు. సగటున తేడా లేదంటే ఏ ఒక్క పిల్లవాడికీ పెరగదని అర్థం కాదు. ఆయన పాప విషయంలో వైద్యులు చేసిన పనే సరైన పరీక్ష: ఆపారు, తగ్గింది; మొదలుపెట్టారు, పెరిగింది; మళ్లీ ఆపారు, మళ్లీ తగ్గింది. ఒక్కసారి ఆపి తగ్గిందని తీర్పు చెబితే అది నమ్మదగింది కాదు, ఎందుకంటే టిక్స్ ఎటూ వారాల తరబడి పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. మనం మందు మొదలుపెట్టేదీ ఆపేదీ ఎప్పుడూ బాధ శిఖరంలో ఉన్నప్పుడే. శిఖరం నుంచి ఎటు నడిచినా దిగడమే కాబట్టి, ఆ రోజు ఏది చేసినా అది పనిచేసినట్టే కనిపిస్తుంది, మందైనా, మానడమైనా, తాయెత్తైనా.

ఆపడం గురించి అడిగారు. మిథైల్‌ఫెనిడేట్ కొన్ని గంటల్లో శరీరం నుంచి వెళ్లిపోయే మందు. మామూలు మోతాదులో ఒకటి రెండు రోజులు ఆగిపోయిందని ప్రమాదం ముంచుకురాదు, అందుకే మేము ఆపి చూసే పరీక్ష చేయగలుగుతాము. కానీ ఆపే రోజును మీరు కాదు, మీ వైద్యులు నిర్ణయించాలి. రేపే ఫోను చేయండి, మూడు వారాలు ఆగనవసరం లేదు. ఈలోగా ఒక నోటుబుక్కు పెట్టి, రోజూ ఒకే వేళలో, ఒకే పని చేస్తున్నప్పుడు పది నిమిషాలు టిక్స్ ఎన్నిసార్లు వచ్చాయో గీతలు పెట్టండి. వాడికి తెలిసేలా లెక్కపెట్టవద్దు, గమనిస్తున్నారని తెలిస్తే లెక్క మారిపోతుంది. పక్కన నిద్ర ఎన్ని గంటలు, జలుబు ఉందా, పరీక్షలా, పండుగా, మాత్ర ఎన్ని గంటలకు వేశారు అన్నవి ఒక్క ముక్కలో రాయండి. ఆ నోటుబుక్కు నాకు ఎంఆర్‌ఐ కంటే ఎక్కువ చెబుతుంది. మామూలు టిక్స్‌కు ఎంఆర్‌ఐ అక్కర్లేదు కూడా.

టిక్స్ కనిపించినంత మాత్రాన వాటికి మందు వేయాలని లేదు. చూసేవారికి ఇబ్బందా, పిల్లవాడికి ఇబ్బందా అన్నది ముందు తేల్చుకోవాలి. మెడ నొప్పి పుట్టేంతగా విదిలిస్తుంటే, రాయలేకపోతుంటే, బడిలో ఏడిపిస్తుంటే అప్పుడు చికిత్స. అందులోనూ ముందు అలవాటు మార్పిడి శిక్షణ. గిలి పుట్టగానే దాన్ని గుర్తుపట్టి, టిక్‌కు వీలు లేని వేరొక కదలికను నిమిషం సేపో, గిలి పోయేదాకానో నిలపడం దీని కీలకం. మెడ విదిలించే పిల్లవాడికి గడ్డాన్ని కొద్దిగా కిందికి దించి మెడ కండరాలను మెత్తగా బిగించడం నేర్పుతాము. గొంతు శబ్దానికి ముక్కుతో నెమ్మదిగా శ్వాస తీసి వదలడం నేర్పుతాము. 2010లో వెలువడిన అధ్యయనంలో 126 మంది పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పది వారాల్లో ఎనిమిది సార్లు కూర్చోబెట్టి ఈ విధానం నేర్పితే, శిక్షణ పొందినవారిలో సగానికి పైగా బాగా మెరుగయ్యారు. వివరణ, ఓదార్పు మాత్రమే అందినవారిలో అలా మెరుగైనవారు 18.5 శాతం. మన జిల్లాల్లో ఈ శిక్షణ ఇచ్చే సైకాలజిస్టులు తక్కువ, అది మన దౌర్భాగ్యం. వీడియోలో కూడా నేర్పవచ్చు కాబట్టి మీ వైద్యులను అడగండి.

మందు తప్పదనుకుంటే ఏడీహెచ్‌డీ కూడా ఉన్న పిల్లలకు ముందుగా క్లోనిడిన్‌ను ఆలోచిస్తాము. రెండింటికీ కొంత పనిచేస్తుంది. మగత తెస్తుంది, బీపీ తగ్గిస్తుంది. దానికీ చాలకపోతే తక్కువ మోతాదులో అరిపిప్రజోల్ గానీ రిస్పెరిడోన్ గానీ. రిస్పెరిడోన్‌తో ఆకలి, బరువు పెరుగుతాయి కాబట్టి నెలనెలా తూకం చూడాలి. అరిపిప్రజోల్‌తో కొందరు కాలుగాలిన పిల్లిలా కూర్చోలేక తిరుగుతారు, దాన్ని ఏడీహెచ్‌డీ పెరిగిందని పొరబడవద్దు. అమెరికా ఔషధ సంస్థ టూరెట్‌కు ఆమోదించిన మందులు మూడే: హాలోపెరిడాల్, పిమోజైడ్, 2014 నుంచి అరిపిప్రజోల్. పిమోజైడ్ వాడేవారికి ఈసీజీ తప్పనిసరి, దాంతోపాటు గొంతునొప్పికని క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ వేస్తే గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు. నకిరేకల్ సోదరుడికి జరిగినది డిస్టోనియాయే. ఈ మందులు ఏవి రాసినా ముందే చెప్పడం మా బాధ్యత, ఆయనకు చెప్పకపోవడం మా వాళ్ల తప్పు.

ముక్కు ఎగబీల్చడం, గొంతు శబ్దం కూడా టిక్స్ కిందికే వస్తాయి. కదలికల టిక్స్ కనీసం రెండు, శబ్దపు టిక్ కనీసం ఒకటి ఉండి, మొదలై ఏడాది దాటితే టూరెట్ అంటారు. మీ వైద్యులు ఆ మాట వాడితే కంగారుపడవద్దు. బూతులు తిట్టడమే ఆ జబ్బు అని సినిమాలు చూసి అనుకుంటారు గానీ, అలా జరిగేది కొద్దిమందిలోనే.

కింది వాటిలో ఏది కనిపించినా ఇది మామూలు టిక్ అనుకోకుండా వెంటనే చూపించండి: కదలిక సమయంలో తెలివి తప్పడం, కీళ్ల నొప్పులతో పాటు చేతులు కాళ్లు నాట్యంలా ఆగకుండా కదలడం, మాట ముద్దకావడం, రాత ఉన్నట్టుండి పాడైపోవడం, లేదా ఏమీ లేని పిల్లవాడికి ఒకటి రెండు రోజుల్లోనే అన్నీ విరుచుకుపడడం. దూరం వెళ్లలేనివారు టెలీ మానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బీబీనగర్ ఎయిమ్స్ కూడా మీ పాత జిల్లాలోనే ఉంది.


సమాధానం 5: దేవరకొండ అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, దసరా సెలవులు అయ్యాయి.

సిరప్‌లో ఫినైలెఫ్రిన్ ఉంది, ఆ రోజే పక్కన పెట్టాను. డాక్టరు గారికి ఫోను చేస్తే మాత్ర ఆపవద్దని, నోటుబుక్కు తెమ్మని వారు కూడా అదే మాట చెప్పారు. నేను అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి లెక్కపెట్టే పని మా అత్తమ్మ తీసుకున్నారు. ఆమెకు అంకెలు రాయడం రాదు. ఏడింటి సీరియల్ మొదలవగానే గోడకు ఆనుకుని కూర్చుని, గొంగడి కింద చింతగింజలు ఒక గిన్నెలో నుంచి ఇంకో గిన్నెలోకి వేస్తారు, నేను వచ్చి లెక్కపెట్టి రాసుకుంటాను. మొదటి వారంలో 34, 41, 38 ఇలా ఉన్నాయి. జలుబు తగ్గిన వారంలో 20 చుట్టూ వచ్చాయి, అప్పటికీ మాత్ర నడుస్తూనే ఉంది.

సెలవుల్లో డాక్టరు గారి మాట మీద ఆరు రోజులు మాత్ర ఆపాము. తగ్గుతాయని మా ఆయన ఎదురుచూశారు. సద్దుల బతుకమ్మ రోజు బావ పిల్లలందరూ వచ్చి ఇల్లు సంతలా ఉన్నప్పుడు చింతగింజలు 52 అయ్యాయి. బడి తెరిచి మాత్ర మళ్లీ మొదలుపెట్టాక రెండు వారాల్లో 17కు, 12కు దిగాయి. నోటుబుక్కు చూసి డాక్టరు గారు మిథైల్‌ఫెనిడేట్‌ను కొనసాగించమన్నారు. మా ఆయన మారుమాట్లాడలేదు. అత్తమ్మ మాత్రం "గింజలు నేనేసిన గాబట్టి నమ్ముతున్న" అన్నారు.

గొంతు శబ్దం దాదాపు పోయింది. మెడ విదిలింపు ఉంది, సాయంత్రానికి మెడ నొప్పి అంటున్నాడు. అందుకని క్లోనిడిన్ 100 మైక్రోగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసి రాత్రికి ఒక ముక్క వేయమన్నారు. గడ్డం దించే పద్ధతి వీడియోలో రెండుసార్లు నేర్పించారు, మెడ మీద చేయి వేసి గుర్తు చేయబోతే కోపగించుకుంటున్నాడు. వెనుక బల్ల పిల్లవాడు "హుక్" అని వెక్కిరిస్తున్నాడని తెలిసి టీచరుతో మాట్లాడాను. ఒక్క సందేహం: సంక్రాంతికి అమ్మగారింటికి అచ్చంపేట వెళ్తాము, ఈ రెండు మాత్రలు అక్కడ దొరుకుతాయా?


సమాధానం 6: నల్లగొండ మందుల షాపు

మిథైల్‌ఫెనిడేట్ అన్ని షాపుల్లో ఉండదమ్మా, ఉన్నచోట కూడా డాక్టరు గారి అసలు చీటీ లేకుండా ఇవ్వరు, ఇవ్వకూడదు. ప్రయాణానికి వారం ముందే తెచ్చిపెట్టుకోండి. అది రెండు రోజులు తప్పినా ఫరవాలేదు గానీ క్లోనిడిన్ మాత్రం ఒక్క రాత్రి కూడా తప్పనివ్వవద్దు. ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగబాకుతుంది, తలనొప్పి, గుండెదడ వస్తాయి. మానాలంటే డాక్టరు గారు చెప్పినట్టు మెల్లమెల్లగానే తగ్గించాలి. వాంతులై మాత్ర నిలవకపోయినా వారికి ఫోను చేయండి.

ముక్కలు చేయడానికి కత్తి వాడవద్దు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది అవుతుంది, పొడి రాలిపోతుంది. మాత్రలు కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బా మా దగ్గర దొరుకుతుంది, దేవరకొండలో కూడా అడిగి చూడండి. నాలుగు రోజులకు ఒక మాత్ర చొప్పున కోసుకోండి, నెల మొత్తానికి ఒకేసారి కోసిపెట్టవద్దు. చింతగింజల గిన్నె పక్కన మాత్రం ఆ ముక్కలు పెట్టకండి.